గుండె వైపు చిరుగు

పొయ్యి మీద కాఫీ పొంగి మాడు వాసన వస్తున్నా జింబూల్ లేవలేదు. కిటికీ పక్కన కూర్చుని, కూతురు రెయ్నా నీలం కోటు ఒళ్లో పెట్టుకుని, ఆఖరి ముడి వేసి దారాన్ని పళ్లతో కొరికింది. కోటును వెలుతురుకు పట్టి చూసింది. చిరుగు ఎక్కడుందో తెలియటం లేదు. రూసే ఊళ్లో జింబూల్ కుట్టిందంటే అంతే మరి. "నీ కుట్టు దేవుడికైనా కనిపించదే" అని భర్త మెనహేం నవ్వేవాడు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఖననం రోజున యూదుల ఆచారం ప్రకారం ఇద్దరి బట్టలూ చింపారు. పెళ్లానికి కుడి వైపు, కూతురికి ఎడమ వైపు, సరిగ్గా గుండె మీద. నెల తిరగగానే జింబూల్ తన నల్ల గౌను కుట్టేసుకుంది. రెయ్నా మాత్రం తన కోటు ముట్టుకోనివ్వలేదు. ఎక్కడికైనా రమ్మంటే "చిరిగిన కోటుతో ఏం వస్తాను?" అనేది. పోనీ ఇంకోటి కొనుక్కోవే అంటే ఏడుపు. నాన్న కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. రేడియో పెట్టకూడదు. కిటికీ రెక్కలు సగమే తెరవాలి, ఎందుకంటే ఆయన పోయిన రోజు అవి సగమే తెరిచి ఉన్నాయి. ఆ రెండు గదుల్లో తల్లీకూతుళ్లు ఒకరికొకరు కాపలా కాసుకుంటూ బతుకుతున్నారు. పోయినాయన సంగతేమో గాని, ఉన్నవాళ్లకే ఊపిరాడటం లేదని జింబూల్‌కి అనిపించేది. అలా అనుకున్నందుకు మళ్లీ నాలుక కరుచుకునేది.

ఇవాళ ఇసాక్ వస్తున్నాడు. మెనహేం బతికుండగానే ఖాయమైన సంబంధం. రేవులో ఉద్యోగం, వార్నాకు బదిలీ అయింది. "ఇంక ఆగలేను అత్తయ్యా. రెయ్నా నాతో మెట్లు దిగితే నేరుగా రబ్బీ దగ్గరకెళ్లి ముహూర్తం అడుగుతాం. దిగకపోతే నేనొక్కణ్ణే వెళ్లిపోతాను" అని నిన్ననే చెప్పాడు. అందుకే జింబూల్ తెల్లవారుతూనే సూది పట్టింది. చిరుగే అడ్డమైతే, ఆ చిరుగే లేకుండా చేస్తే పోలా?

రెయ్నా లేచి వచ్చి కోటు అందుకుంది. ఎడమ వైపు వేళ్లతో తడిమింది. మళ్లీ తడిమింది. మొహం పాలిపోయింది.

"ఏం చేశావమ్మా?"

"కుట్టాను. చలి ముదురుతోంది."

"తండ్రి కోసం చింపుకున్నది కుట్టకూడదని నీకు తెలీదూ? చిన్నప్పుడు నాకు చెప్పిందే నువ్వు!"

"తెలిసే కుట్టాను. ఆ పాపమేదో నాకే చుట్టుకోనీ. నువ్వు బయల్దేరు, ఇసాక్ వచ్చేస్తాడు."

"నన్ను గెంటేస్తే నీకు హాయి! నీది నెలకే కుట్టేసుకున్నావు. ఒక్క కన్నీటి బొట్టు రాల్చావా? నాన్న నీకొక మరమ్మతు పని. కుట్టేశావు, ఇస్త్రీ చేసి లోపల పెట్టేశావు!"

"నోరు ముయ్యవే! భార్య కుట్టుకోవచ్చని పెద్దలే చెప్పారు."

"అయితే చూపించు. నాన్న కోసం చింపుకున్నది ఎక్కడో చూపించు, నేనూ చూస్తా."

జింబూల్ విసురుగా బీరువా తెరిచి నల్ల గౌను లాగింది. కుడి వైపు వేలు పెట్టింది. అక్కడ లేదు. కాస్త పైన చూసింది. అక్కడా లేదు. వెలుతురు చాలక కిటికీ రెక్కలు బార్లా తోసేసింది. రెయ్నా వద్దనలేదు. గౌను లోపలి వైపు తిప్పి చూసింది, కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. తన పనితనం మీద ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది.

"దొరకటం లేదే" అంది. "రెయ్నా, నాకే దొరకటం లేదే. ఎక్కడ చింపుకున్నానే?"

చూసుకోకుండానే కిటికీ పక్కనున్న మెనహేం కుర్చీలో కూలబడి, గౌను మొహానికి అదుముకుని భోరుమంది. ఏడాదిగా ఆపుకున్నదంతా ఆ గౌనులోకి కారిపోయింది. రెయ్నా భయపడి ఆమె కాళ్ల దగ్గర చతికిలబడింది.

"నేనూ ఏడుస్తూ కూర్చుంటే నువ్వు లేవలేవనుకున్నానే" అంది జింబూల్ ఎక్కిళ్ల మధ్య. "ఇద్దరం పడిపోతే కాఫీ ఎవరు పెడతారు?"

"ఇవాళ మాడబెట్టావుగా" అంది రెయ్నా, తనూ ఏడుస్తూనే.

జింబూల్ కళ్లు తుడుచుకుంది. కత్తెర తీసి నీలం దారపు కుట్టంతా విప్పేసింది. "నీదైనా దొరకనీ. సరిగ్గా కుట్టకూడదు గాని, తొడుక్కోవటానికి కచ్చా కుట్టు వేసుకోవచ్చు. నా చేత్తో అలాంటి కుట్టు వెయ్యటానికి నామోషీ అయి, ఇన్నాళ్లూ నీకా మాట చెప్పలేదు." తెల్లదారం ఎక్కించి, బెత్తెడు చిరుగు మీద పెద్ద పెద్ద వంకర కుట్లు వేసింది.

"మరి ఏటా నాన్న పోయిన రోజున దీపం ఎవరు పెడతారమ్మా?"

"ఇక్కడ నేను పెడతాను. అక్కడ నువ్వు పెట్టు. వార్నాలో నూనె దొరకదా ఏంటి?"

రెయ్నా కోటు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంది. తలుపు దగ్గరకు వచ్చిన ఇసాక్ ఆ కుట్లు చూసి బిత్తరపోయాడు. "ఇదేంటి అత్తయ్యా, చంటిపిల్ల కుట్టినట్టుంది?"

"నేనే కుట్టాను. ఊరంతా చూడనీ" అంది జింబూల్.

తెల్ల కుట్ల మీద అరచెయ్యి ఆనించుకుని రెయ్నా ఇసాక్‌తో మెట్లు దిగింది. వీధిలోకి వెళ్లాక ఆగి, తలెత్తి కేకేసింది.

"అమ్మా! ఆ కిటికీ మూసెయ్యకు!"

మెనహేం కుర్చీలోంచి లేవకుండానే జింబూల్ అలాగేనని చెయ్యి ఊపింది.