పద్మకుమారి చెప్పిన కుస్తీ

మధ్యాహ్నం గంట కొట్టగానే ఐదో తరగతి పిల్లలంతా పద్మకుమారి చుట్టూ మూగారు. రాజాంలో కుస్తీ కంపెనీ డేరా వేసింది. నిన్న నాన్నతో వెళ్ళి చూసొచ్చింది క్లాసులో ఆమె ఒక్కతే.

"ఏటయ్యిందే? సోములు నెగ్గినాడా?" అన్నాడు ఎల్లాజీ. పోస్టర్ల మీద గంగులు, సోములు బొమ్మలు చూసినప్పటి నుంచీ సోములంటే వాడికి ప్రాణం.

పద్మ పరికిణీ ఎగదోపుకుంది. "సోములు ఇలగ వచ్చినాడు. గుండు గంగులు అలగ వచ్చినాడు. ఇద్దరూ సేతులు కలిపినారు..."

ఒక్కో పట్టూ పట్టి చూపించింది. ఏ పట్టు బాగుందో, ఎవరెక్కడ తడబడ్డారో చెప్పింది. పిల్లలు కేరేజీలు విప్పడమే మరిచిపోయారు.

"తరవాత?"

పద్మ ఆగింది. తరవాత గంగులు సోముల్ని ఎత్తి గోదాలో పడేశాడు. భయమేసి ఆమె నాన్న కండువాలో మొహం దాచేసుకుంది. కళ్ళు తెరిచేసరికి సోములు తన చెవి పట్టుకుని పడి ఉన్నాడు. గంగులే గెలిచాడని జనం అరుస్తున్నారు.

ఇప్పుడు అందరూ తనకేసే చూస్తున్నారు.

"గంగులు సోములు సెవి కొరికేసినాడు! నెత్తురు కారిపోనాది!" అనేసింది.

"అమ్మో!" అన్నారు పిల్లలు. ఎల్లాజీ మొహం కందగడ్డలా అయింది.

సాయంత్రం పద్మ, ఎల్లాజీ బడి నుంచి వస్తున్నారు. టీ దుకాణం బల్ల మీద ఓ భారీ మనిషి కూర్చున్నాడు. నున్నటి గుండు. గంగులే!

పద్మ నోరు తెరిచేలోపే ఎల్లాజీ రాయి తీసి విసిరాడు. అది గంగులు నుదుటికి తగిలింది. నెత్తురు బొటబొటా కారింది. ఈసారి నిజం నెత్తురు.

"తమ్ముడా!" అంటూ దుకాణం లోపల్నుంచి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. తువ్వాలుతో గంగులు నుదురు అదిమి పట్టాడు. అతణ్ణి చూసి పిల్లలిద్దరూ కొయ్యబారిపోయారు. అతను సోములు! చెవులు రెండూ పదిలంగా ఉన్నాయి. చిన్న గాటు కూడా లేదు.

"ఎందుకు కొట్టినావురా?" అన్నాడు సోములు.

ఎల్లాజీ ఏడుపు మొదలెట్టాడు. "ఆడు... నీ సెవి కొరికినాడని..."

"ఎవులు సెప్పినారు?"

ఎల్లాజీ తల దించుకున్నాడు. పేరు చెప్పలేదు. పద్మ పరుగెత్తి ఇంటికి పోవచ్చు. కానీ ముందుకొచ్చింది.

"నేనే సెప్పినాను. నేను సూడనేదు. అప్పుడు కళ్ళు మూసుకున్నాను."

గంగులు ఆమెను దగ్గరికి పిలిచాడు. తిట్టలేదు.

"మా అమ్మడిది నీ ఈడేనమ్మా. మీ అయ్య సెవులు కొరుకుతాడట అని రేపు దాని బళ్ళో అంటే, అదేటి సెప్పాల?"

మర్నాడు పద్మ క్లాసులో అందరి ముందూ నిలబడి జరిగింది చెప్పేసింది.

ఆదివారం నాన్న మళ్ళీ కుస్తీకి తీసుకెళ్ళాడు. సోమవారం పిల్లలు మళ్ళీ చుట్టూ చేరారు.

"సోములు నడుం పట్టు పట్టినాడు," అంది పద్మ. "అప్పుడే నా ముందున్నాయన లెగిసి నిలబడిపోనాడు. ఆ తరవాత పట్టు నాకు అగుపడనేదు."

"మరి కింద పడింది ఎవులే?"

"తెల్దు."

పిల్లలు ఉసూరుమన్నారు. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు.

ఎల్లాజీ మాత్రం కదల్లేదు. కాస్త ముందుకు జరిగాడు.

"అగుపడిందే సెప్పు," అన్నాడు.

పద్మ, ఆ ముందున్నాయన మళ్ళీ కూర్చున్నాక తనకు కనిపించిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.