హాల్వర్ రేవులో ఎర్ర బంతి

నవంబర్ 14, మంగళవారం, ఉదయం 8:10. పోర్ట్ హాల్వర్ రేవు వీధి మూలన మంటలార్పే నీళ్ళ కొళాయి, హైడ్రంట్ పక్కన ఏజెంట్ ఆర్విడ్ చనిపోయి కనిపించాడు. వయసు తొమ్మిదేళ్ళు. ఎయిర్‌డేల్ జాతి కుక్క. మెడపట్టీలోని రేడియో ఇంకా పనిచేస్తోంది.

ఆయన ఆఖరి మాటలు 7:52కి రికార్డయ్యాయి. "హైడ్రంట్ మీద మీసాల ముఠా రాయించిన రాత ఉంది. పన్నెండింటికి ఈల. దీపస్తంభంలో పెట్టారు. రెండింటిలో ఏదంటే..." ఆ తర్వాత ఇరవై సెకన్ల పాటు పిల్లి గుర్రుమన్న శబ్దం ఉంది. మరేమీ లేదు.

8:40కి బ్యూరో చీఫ్ సిగ్నే టోర్వాల్డ్ గదిలో బ్రీఫింగ్ జరిగింది. ఆమె సెయింట్ బెర్నార్డ్. కుర్చీ ఆమెకు చాలదు, నిలబడే మాట్లాడుతుంది. బ్యూరోలో ఏజెంట్లు నలభై ఆరుగురు. ఒకరు హైడ్రంట్ దగ్గర చనిపోయారు. ఆ రోజు ఊరంతటికీ రేబీస్ సూదులు వేసే రోజు కావడంతో నలభై ముగ్గురు సరస్సు ఒడ్డున డేరా ముందు క్యూలో ఉన్నారు. మిగిలిన ఇద్దరు క్యూలోంచి పారిపోయి వచ్చి చీఫ్ బల్ల కిందే దాక్కున్నారు. అందువల్ల వాళ్ళను వెతకాల్సిన పని లేకపోయింది.

ఒకడు వెర్న్. బాసెట్ హౌండ్, ఆరేళ్ళు. కాళ్ళు ఐదంగుళాలు, చెవులు నేలకు తగులుతాయి, తల మీద ఎప్పుడూ బ్యూరో టోపీ. ముక్కుకు బ్యూరోలో మొదటి స్థానం. ఫైలులో 'ఈత రాదు' అని ఉంది. రెండోవాడు టక్. ఏ జాతో ఫైలులో లేదు.

"ఈలంటే ఏ ఈల మేడమ్?" అన్నాడు టక్.

"మనకు మాత్రమే వినిపించేది. వినిపిస్తే ఏం చేస్తావు?"

"వెళ్తాను."

"ఎక్కడికి?"

"ఈల ఎక్కడుంటే అక్కడికి."

"మధ్యలో సరస్సుంటే?"

టక్ ఆలోచించాడు. "సరస్సుందని ఈలకు తెలీదు కదా మేడమ్."

పన్నెండింటికి ఖనిజం తెచ్చే ఓడ కాలువలోకి వస్తుంది. ఆ సమయానికి పోర్ట్ హాల్వర్ రేవు దగ్గరున్న పౌరులందరూ ఏ పనిలో ఉన్నా మానేసి నీటి అంచుకు వచ్చి దాన్ని చూసి మొరుగుతారు. నాలుగు నిమిషాల్లో ఓడ వెళ్ళిపోతుంది. మొరిగాం కాబట్టి వెళ్ళిపోయిందని నమ్మి ఎవరి పనికి వాళ్ళు వెళ్తారు. మామూలు రోజున రెండు వందల మంది వస్తారు. సూదుల రోజు కాబట్టి ఒడ్డున 1,140 మంది ఉన్నారు. ఆ నాలుగు నిమిషాల్లో ఈల మోగితే అందరూ నీళ్ళలోకి నడుస్తారు. ఆ ఉదయం నీటి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు. చీఫ్ పిల్లలు తొమ్మిది మంది, టోకెన్లు 212 నుంచి 220 వరకు, ఆ గుంపులోనే ఉన్నారు.

"అందరినీ ఇంటికి పంపేస్తే సరి కదా?" అన్నాడు వెర్న్.

"గుంపు కదిలిందంటే పిల్లులు అప్పుడే ఊదేస్తాయి. కాలువకు అటొకటి ఇటొకటి ఉన్న దీపస్తంభాలకు ఇనుప తలుపులు. ఒకటి పగలగొట్టామా, ఆ చప్పుడుకు రెండోదాంట్లో ఊదేస్తాయి. ఏదో తెలిస్తేనే వెళ్ళగలం. మీ పని ఒక్కటే. వెళ్ళండి, వాసన చూడండి, చదవండి, వచ్చి చెప్పండి. రాత చెడకూడదు. కాలెత్తొద్దు."

"ఎత్తం మేడమ్."

'కాలెత్తొద్దు' అన్న మాట ఆమె మూడుసార్లు చెప్పినట్టు మినిట్స్‌లో ఉంది.

స్టోర్‌లో మిగిలిన మారువేషం ఒక్కటే. పోస్ట్‌మన్ దుస్తులు. టక్ వేసుకున్నాడు. రేవు వీధి వరకు నడక పన్నెండు నిమిషాలు. వాళ్ళకు ఇరవై నాలుగు పట్టింది.

"ఒరేయ్, నేనురా. టక్‌ని."

"తెలుసురా."

"తెలిస్తే ప్యాంటు వదలవేం?"

"పోస్ట్‌మన్ సంచి తగిలించుకున్నావు కదరా. నేనేం చెయ్యను."

9:12కి హైడ్రంట్ చేరారు. వెర్న్ ముక్కు ఆనించాడు. హైడ్రంట్ మీద ఎవరు కాలెత్తి రాసినా ముందు తాము తిన్నది, తర్వాత తమకున్న నొప్పి రాసి, ఆఖరుకు అసలు విషయానికి వస్తారు. ముఠా రాయించిన అద్దె కుక్క కూడా ఆ మర్యాద తప్పలేదు.

"వేయించిన చేప తిన్నాడు," అని చదివాడు వెర్న్. "కాస్త మాడింది. ఎడమ మోకాలు నొప్పి, చలికాలం మరీను. నాలిక తీసుకుని రా... పన్నెండింటిలోపు... దీపస్తంభం..."

చదవాల్సింది ఒక్క మాటే మిగిలింది. 9:14కి టక్ కాలెత్తాడు.

"చదవడం అయిపోయిందనుకున్నా," అని తర్వాత వాంగ్మూలంలో చెప్పాడు.

9:15కి వెర్న్ కూడా ఎత్తాడు. ఎందుకు ఎత్తావని టక్ అడిగాడు.

"నువ్వెత్తావు కదరా."

ఇద్దరూ హైడ్రంట్ వైపు చూస్తూ నిలబడ్డారు.

"మేడమ్‌కు చెప్దామా?"

"చెప్తే ముందు సూది వేయిస్తుంది."

చెప్పలేదు.

9:40కి సోలాంజ్ వచ్చింది. గ్రేహౌండ్. క్యుబెక్ పందేల్లో నాలుగేళ్ళు పరిగెత్తి రిటైరైంది. ఆమె రెండేళ్ళుగా బ్యూరోకు బయటి వేగుగా, ఐదేళ్ళుగా మీసాల ముఠాకు పనిచేస్తోందని విచారణలో తేలింది. ఆ ఉదయం సిల్కు స్కార్ఫ్ కట్టుకుంది. చేతిలో ఎర్ర రబ్బరు బంతి. ఆ బంతి లోపల ఇత్తడి నాలిక ఉంది. అది బిగిస్తే తప్ప దీపస్తంభంలోని ఈల మోగదు. ఎక్కడికి తేవాలో ముఠా ఆమెకు నోటితో చెప్పలేదు. హైడ్రంట్ మీద రాయించింది.

ఆమె వంగి వాసన చూసింది. అప్పటికి దాని మీద ఉన్నది ఇంతే: ఒకడు సాసేజ్ తిన్నాడు. ఆ సాసేజ్ రెండోవాడిది. ఇద్దరికీ సూదంటే భయం.

ఆమె తలెత్తి ఇద్దరినీ చూసింది. "ఈ ఏడు సరస్సులో చేపలు తగ్గాయంటున్నారు."

అది బ్యూరో కోడ్. జవాబు 'ట్రౌట్ మాత్రం తగ్గలేదు' అనాలి.

"ఎవరన్నారు?" అన్నాడు టక్.

"పోనీండి. ఇక్కడ పొద్దున ఇంకేదో రాసి ఉండాలి. మీరు చదివే ఉంటారు. మీలాంటివాళ్ళ కళ్ళు దాటి ఏదీ పోదు. ఏ దీపస్తంభం?"

"ఉత్తరం," అన్నాడు టక్.

"దక్షిణం," అన్నాడు వెర్న్.

"ఎలా చెప్పగలరు?"

"చలి ఉత్తరం నుంచే కదండీ వచ్చేది," అన్నాడు టక్.

"వాడు ఉత్తరం అనేశాడు. ఇంక మిగిలింది అదే," అన్నాడు వెర్న్.

సోలాంజ్ టక్ తల నిమిరి, థాంక్స్ చెప్పి, ఉత్తరం వైపు వెళ్ళింది. ఆమె ఎవరు, ఆ ప్రశ్న ఎందుకు అడిగింది అన్న విషయం వాళ్ళు చర్చించలేదు. 10:30 వరకు బంతి గురించే మాట్లాడుకున్నట్టు ఇద్దరి మెడపట్టీ రేడియోల్లో ఉంది.

10:50కి వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. ఎవరికి వచ్చిందో రికార్డు కాలేదు. దీపస్తంభాలు రెండు, వాళ్ళూ ఇద్దరు. టక్ ఉత్తరం గట్టుకు, వెర్న్ దక్షిణం గట్టుకు వెళ్ళి, దూరం నుంచి తలుపు కనిపెట్టి ఉండాలి. కాలువ వెడల్పు తొంభై అడుగులు. రెండు గట్లనూ కలిపేది ఎత్తుడు వంతెన. ఓడ వచ్చే ముందు దాన్ని నూట ఇరవై అడుగులు పైకి లేపుతారు.

ఆ ఇద్దరూ ఆరేళ్ళలో పది నిమిషాలకు మించి విడిగా ఉన్నది లేదు. 11:38కి టక్ ఉత్తరం వైపు నుంచి, వెర్న్ దక్షిణం వైపు నుంచి వంతెన ఎక్కారు. ఇద్దరూ చెప్పిన కారణం ఒకటే. బెంగగా ఉంది.

నడిమధ్య కలిశారు. అరగంటకు మించి విడిగా ఉన్నవాళ్ళు కలిస్తే పలకరింపు పూర్తిగా జరగాలి. ముక్కు నుంచి తోక దాకా చూసుకోవాలి, మూడుసార్లు తిరగాలి, మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. వంతెన ఆపరేటర్ నెల్స్, టెరియర్, పన్నెండేళ్ళు, రెండుసార్లు గంట కొట్టాడు.

"పలకరింపు మధ్యలో పక్కకు జరగమని ఎలా అంటామండీ," అని విచారణలో చెప్పాడు. "మా అమ్మ నన్నలా పెంచలేదు."

11:50కి లేపక తప్పదు. వాళ్ళతో సహా లేపాడు.

సోలాంజ్ రెండు గంటలు ఉత్తరం దీపస్తంభం తలుపు తట్టింది. కాపలా ఉన్నంతసేపూ టక్ ఆమె చేతిలో బంతినే చూశాడు. లోపల ఎవరూ లేరు. 11:51కి దక్షిణం వైపు పరిగెత్తి వంతెన మొదట్లో ఆగింది. వంతెన నూట ఇరవై అడుగుల పైన ఉంది. అవతలి గట్టున దక్షిణం దీపస్తంభం తలుపు తెరుచుకుంది. గళ్ళ కోటు వేసుకున్న పిల్లి ఒకటి మెట్టు మీదకు వచ్చి రెండు చేతులూ చాచింది.

ఒడ్డున 1,140 మంది క్యూ వదిలి నీటి అంచుకు నడుస్తున్నారు. గట్టు గోడ అడ్డం. వాళ్ళకు ఇటువైపు ఏమీ కనిపించదు. వంతెన పైనుంచి అన్నీ కనిపిస్తాయి.

"అదిగో అక్కడుందిరా ఈల," అన్నాడు వెర్న్. "దక్షిణమే. నేను చెప్పలా?"

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏం లేదురా. పైనున్నాం కదా."

మెడపట్టీ రేడియోలో చీఫ్‌ను పిలిచారు. ఆమె గొంతు గుంపు గోలలో సగమే వినిపించింది. దక్షిణం గట్టుకు ఏజెంట్లను పంపినా చుట్టూ తిరిగి రావడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. అప్పటికి టైము 11:56. టక్ మెడపట్టీలో పొగ బాంబు నొక్కాడు. నీలం పొగ వచ్చి ఇద్దరి కళ్ళూ మండాయి. గాలికి పోయింది.

11:57కి సోలాంజ్ అవతలి గట్టున ఉన్న పిల్లికేసి బంతి విసిరింది.

టక్ "బంతి" అన్నాడు. దూకాడు.

వెర్న్ అంచుకు వచ్చి కిందకు చూశాడు. నెల్స్ క్యాబిన్ కిటికీ తెరిచి అరిచాడు. "నీకు ఈత రాదు కదరా అబ్బాయ్."

"వాడు దూకాడు కదండీ," అన్నాడు వెర్న్.

ఎత్తుల నుంచి పడటం వాళ్ళకు కొత్త కాదు. సర్వీసు రికార్డులో టక్‌కు పద్నాలుగు పతనాలు, వెర్న్‌కు పదకొండు ఉన్నాయి. కొండ చరియల నుంచి, నీళ్ళ ట్యాంకు నుంచి, ఒకసారి విమానం నుంచి. ఇద్దరి మీదా ఒకే పియానో రెండుసార్లు పడింది. ప్రతిసారీ నేలలో తమ ఆకారంలో గుంట చేసి, లేచి, దుమ్ము దులుపుకున్నారు. పాతిక పతనాలూ నేల మీదే.

బంతి అవతలి గట్టు చేరక కాలువ మధ్యలో తేలుతోంది. టక్ దాన్ని దాటి పడ్డాడు. వెర్న్ బంతి మీదే పడ్డాడు. పైకి తేలినప్పుడు బంతి అతని నోట్లో ఉంది. టక్ ఈదుకుంటూ వచ్చాడు. వెర్న్ మెడ సాచి బంతిని నీటి పైకి ఎత్తి పట్టాడు. టక్ అందుకున్నాడు. ఇది నెల్స్ కళ్ళారా చూసింది.

11:59కి ఓడ కాలువలోకి వచ్చింది. దాని పొడవు ఏడు వందల అడుగులు. ఆగాలంటే మైలు కావాలి.

బంతి తెచ్చినవాడు విసిరినవాళ్ళకే ఇవ్వాలి. టక్ ఉత్తరం గట్టు మెట్లెక్కి సోలాంజ్ ముందు కూర్చున్నాడు. ఆమె చెయ్యి చాచింది. టక్ వదల్లేదు. ఆమె బంతి పట్టుకుని లాగింది. టక్ తోక ఊపుతూ వెనక్కి లాగాడు.

"వదులు."

టక్ తల అడ్డంగా ఊపాడు.

"వదిలితేనే కదా మళ్ళీ విసిరేది."

ఆ ముక్క టక్‌కు చిన్నప్పటి నుంచీ చాలామంది చెప్పారు.

పన్నెండయింది. ఒడ్డున 1,140 మంది మొరిగారు. దక్షిణం దీపస్తంభంలో నాలిక లేని ఈల మోగలేదు. 12:04కి ఓడ దాటిపోయింది. జనం క్యూలోకి తిరిగి వెళ్ళారు. 12:06కి ఏజెంట్లు వచ్చేసరికి సోలాంజ్ ఇంకా లాగుతోంది. పిల్లుల మోటారు బోటు 12:09కి అవతలి ఒడ్డుకు బయలుదేరింది. 212 నుంచి 220 వరకు టోకెన్లవాళ్ళకు 12:25కి సూదులు పడ్డాయి.

చీఫ్ మెట్ల దగ్గరకు వచ్చింది. "వెర్న్ ఏడీ?"

టక్ బంతిని చంక కింద పెట్టుకున్నాడు. "వస్తాడు మేడమ్. వాడెప్పుడూ నా వెనకే."

రెండు పడవలు వెతికాయి. 2:15కి వెర్న్ టోపీ దొరికింది. 4:28కి వెలుతురు చాలక గాలింపు ఆపేశారు.

బంతి ఏడో నంబరు సాక్ష్యం. చీఫ్ చెయ్యి చాచింది. టక్ ఇవ్వలేదు. ఆమె వంగి మెల్లగా అడిగింది.

"ఎందుకురా నీకది?"

"పని ఉంది మేడమ్."

4:31కి టక్ కింది మెట్టు మీదకు దిగి బంతిని కాలువ మధ్యకు విసిరాడు. "తెచ్చెయ్‌రా," అన్నాడు.

నెల్స్ డ్యూటీ 5:30కి ముగిసింది. అప్పటికి టక్ ఆ మెట్టు మీదే ఉన్నాడని, తోక ఆడుతోందని, బంతి వెనక్కి రాలేదని లాగ్‌బుక్‌లో రాశాడు.