మధ్య రైలు దాటేవాళ్లు

"ఎనిమిది పదిహేడు. ఇమాగురా స్టేషన్. ఫోన్ ట్యాప్‌లో దొరికింది ఇంతే," అన్నాడు చీఫ్ ఒనొదెరా.

ఏజెంట్ కువబరాకి ఆ పేరు కొత్త కాదు. మూడేళ్ల కిందట అతని భార్య సయే పోయింది ఆ స్టేషన్లోనే. ఈ ఆఫీసు రహస్య కాగితాలు చేరవేస్తూ రైలుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య పడింది. ఫైల్లో 'ప్రమాదం' అని రాసి సంతకం పెట్టింది ఒనొదెరాయే.

"మైక్రోఫిల్మ్ తొమోయె దగ్గరుంది. అందులో మనవాళ్లు పదకొండు మంది పేర్లున్నాయి. తొమ్మిదిన్నరకి కోబె రేవులో ఆవిడ ఓడెక్కితే పదకొండు మందీ పోతారు."

తొమోయె డబుల్ ఏజెంట్, జీతం ఇక్కడ, పని శత్రువులకి. అందగత్తె. వేషం వేసిందంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

"ఆ స్టేషన్ ఆవిడకి తెలుసా?"

"ఎప్పుడూ అడుగు పెట్టలేదంది. సయేని చూడనే లేదంది. సయే పోయినప్పుడు నేనే అడిగాను."

"మీరు నమ్మారు."

"నువ్వు వెళ్తావా, ఇంకొకణ్ణి పంపనా?"

"వెళ్తాను."

ఇమాగురాలో మూడు రైళ్లు పక్కపక్కన ఆగుతాయి. ఎడమ రైలు దిగినవాళ్లు కుడివైపు కోబె ఎక్స్‌ప్రెస్ అందుకోవాలంటే మెట్లెక్కనక్కర్లేదు. మధ్యలో ఆగిన ప్యాసింజర్‌కి రెండు పక్కలా తలుపులు తెరుస్తారు. జనం దాంట్లోంచే అడ్డంగా నడిచి అవతలికి పోతారు. నలభై సెకన్లలో ఆరువందల మంది. ముందు మూసేది కుడి తలుపులు.

కువబరా ఆ ప్యాసింజర్ మూడో పెట్టెలో ముసలి గుమాస్తా వేషంలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. సయే రోజూ ఈ పెట్టెలోంచే దాటేది. దాటుతూ, కూర్చున్నవాళ్లకి కొంచెం తల వంచేది.

"పరాయివాళ్ల ఇంట్లోంచి పోతున్నట్టుంటుందండీ. ఊరికే ఎలా పోతాం?" అనేది.

"అది రైలు. ఎవరూ వంగరు. నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

నిజంగానే ఎవరూ వంగరు. ఎవరూ నవ్వనూ లేదు. కూర్చున్నవాళ్లు ఆమె వైపు చూస్తే కదా.

ఎనిమిది పదిహేడు. తలుపులు తెరుచుకున్నాయి. తడి గొడుగులు, బూట్లు, భుజాలు. అతను మొహాలు వెతికాడు. పదిహేను సెకన్లు. ఇరవై. తొమోయె లేదు. బూడిదరంగు కోటు ప్రతిదీ సయేలా కనిపిస్తోంది. కళ్లు మూసుకుంటే ఆ భ్రమ పోతుందేమో. మూసుకోవడానికి లేదు.

ముప్పై. చేతికర్ర పట్టుకున్న ముసలమ్మ అతని మోకాళ్ల ముందునుంచి వెళ్లింది. వెళ్తూ తల వంచింది.

ముందు ఎడమ భుజం, తర్వాత మెడ. సయే వంగినట్టే.

కువబరా చేతిలో పేపరు దించాడు. ఒక్క క్షణం, పోయిన మనిషే వచ్చిందనుకున్నాడు. తర్వాత అర్థమైంది. ఇది తొమోయె, ఈ దారి సయే వెనకాల నడిచి నేర్చుకుంది. వంగడం కూడా ఇక్కడి ఆచారమేననుకుంది.

లేచి ముసలమ్మ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. అప్పటికే ఆమె కాలొకటి ప్లాట్‌ఫారం మీదుంది. లాగాడు. కుడి తలుపు ఆమె కోటు అంచు రాసుకుంటూ మూసుకుంది. అద్దం అవతల ఎక్స్‌ప్రెస్ కదిలింది.

కర్ర పిడి విప్పాడు. లోపల చిటికెనవేలి గోరంత ఫిల్మ్ చుట్ట.

"నన్నెలా పోల్చారు?" గొంతు ముసలిది కాదు.

"ఎన్నాళ్లు నడిచావు సయే వెనకాల?"

ఆమె మూసుకున్న తలుపు వైపు చూసింది. "రెండు నెలలు. మంచి మనిషి, కువబరా గారూ. చివరి రోజు, నేను తోసేముందు, నాక్కూడా తల వంచింది. ఆవిడైతే నన్ను వదిలేసేది."

"వదిలేసేది. నేను వదలను. కూర్చో."

తర్వాతి స్టేషన్లో పోలీసులు ఎక్కారు. కువబరా దిగి ఫోన్ చేశాడు.

"శభాష్! ఎలా పట్టావయ్యా?" అన్నాడు ఒనొదెరా.

"మా ఆవిడ చూపించింది."

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "మరి... రిపోర్టులో ఏమని రాయను?"

"ప్రమాదం అని రాయండి. మీకు అలవాటే."