వద్దన్న పార్సిళ్ళు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, ఒక కన్ను పాల మీదా ఒక కన్ను ఫోన్ మీదా వేసింది కోడలు. ఆ రెండింట్లో పాలే నయం, పొంగేముందు కాస్త చప్పుడైనా చేస్తాయి. ఫోన్‌లో మాత్రం సద్దు లేకుండా ఓ ముక్క వచ్చి కూర్చుంది: 'మీ పార్సిల్ వెనక్కి వెళ్తోంది. తీసుకోవడానికి కస్టమర్ నిరాకరించారు.'

“నిరాకరించానా? నేనా? వీళ్ళ మొహం మండ! ఎప్పుడొస్తుందా అని వాకిట్లోనే కాపురం పెట్టాను కదా!”

ఈలోగా పాలు పొంగనే పొంగాయి.

ముందు గదే ఆమె గోళ్ళ సెలూన్. ఓ బల్ల, రెండు కుర్చీలు, గోళ్ళకి వేసే జెల్ రంగు గట్టిపడటానికి ఓ ల్యాంపు, గోడకి రంగుల సీసాలు. అక్కడ కాళ్ళు చాపుకుని టీవీ చూసే మొగుణ్ణి వెనక గదికి తరమడానికే ఆమెకి తాతలు దిగొచ్చారు. ఆ తర్వాత ఒకరి గోళ్ళు చూసి ఒకరు రావడం మొదలై, ఇప్పుడిప్పుడే గది నిలదొక్కుకుంటోంది. నిలదొక్కుకునే వేళకి మంచి సరుకు లేదు.

సరుకు కొనడమంటే మాటలా? అందరికీ అమ్మే సైట్‌లో కొంటే ఫోటోలో ఒకటి, డబ్బాలో ఇంకొకటి. పేరు అదే, మూత అదే, లోపలిది మాత్రం నకిలీ. పైన గట్టిపడేది, అడుగున బంకలా ఉండిపోయేది. అసలు సరుకు అమ్మే సైట్ వాళ్ళేమో సెలూన్ వాళ్ళకి తప్ప అమ్మరట. పని నేర్చుకున్న సర్టిఫికెట్ ఫోటో పంపమన్నారు. పంపితే మసకగా ఉందన్నారు. కిటికీ దగ్గర తీసి పంపితే వెలుతురు ఎక్కువైందన్నారు. సెలూన్ ఫోటో కావాలన్నారు, పంపితే బోర్డేదీ అన్నారు. ఓ అట్టముక్క మీద పేరు రాసి గుమ్మానికి వేలాడదీసి మళ్ళీ పంపితే, అప్పుడు కరుణించి 'స్వాగతం' అన్నారు. ఆ స్వాగతం అయ్యాక పార్సిల్ వెనక్కిపోవడం ఇది రెండోసారి.

“ఇంకో సైట్‌లో కొనరాదూ? గోళ్ళ రంగే కదా,” అన్నాడు మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని.

ఆ 'కదా'కి ఆమె చూసిన చూపు చూసి, స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

“పోనీలే అమ్మాయ్, రానిదాని కోసం బెంగెందుకు? నాలుగు రోజులు ఊరికే కూర్చో,” అంది అత్తగారు, కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా. కుళ్ళిన టమాటా ఒక్కటి వస్తే బజారు దాకా వెళ్ళి కొట్టువాణ్ణి దులిపేసి వచ్చే మనిషి ఆవిడ. ఇంత శాంతం ఎక్కణ్ణుంచి వచ్చిందో! కోడలికి వింతగానే అనిపించింది గానీ, బుర్ర నిండా సైట్ వాళ్ళమీద కోపం, దానికి చోటెక్కడ?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసింది. 'మీ సమయం మాకెంతో విలువైనది' అని చెప్పి బోలెడంత సమయం తినేశాక ఒకమ్మాయి పలికింది.

“మా మనిషి మీ గుమ్మం దాకా వచ్చాడు మేడమ్. ఇంట్లోవాళ్ళే వద్దన్నారట.”

“అబద్ధం! మా ఇంట్లో ఎవరంటారు అలా?”

“అది మీరే కనుక్కోవాలి మేడమ్. ఇవాళ ఇంకో పార్సిల్ వస్తుంది. అదీ వెనక్కొస్తే మాత్రం మీ ఖాతా మూసేస్తాం.”

ఖాతా పోతే ఇక ఎప్పటికీ ఆ నకిలీ సీసాలే గతి. లేదంటే సెలూన్‌కి తాళం.

ఇక గుమ్మం వదల్లేదు. మధ్యాహ్నం ఒక్కసారి సందు చివరి కొట్టుకి దూది కోసం వెళ్ళింది, అంతే. తిరిగొస్తుంటే ఎదురుగా డెలివరీ స్కూటర్! చెయ్యడ్డం పెట్టి ఆపింది.

“అన్నా, ఆగండి! ఆ డబ్బా నాదే.”

నడివయసాయన హెల్మెట్ తీసి ఇబ్బందిగా చూశాడు. “పెద్దావిడ వద్దన్నారమ్మా. మొన్నా అంతే, దానికి ముందూ అంతే. 'మా కోడలు ఆ పని మానేసింది నాయనా, మళ్ళీ తేకు' అని దండం పెట్టారు. వాపసని ఫోన్‌లో నొక్కేశాను, ఇక ఇవ్వడం నా చేతుల్లో లేదు.”

డబ్బా కళ్ళముందే వెళ్ళిపోయింది. కోడలు ఇంట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

“అత్తయ్యా! నేను పని మానేశానని ఎవరు చెప్పారు మీకు?”

అత్తగారు ఉతికిన దుప్పటి మడతపెడుతూ ఆగిపోయింది.

“సెలూన్ ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పాల్సింది. పరాయివాళ్ళతో ఫోన్‌లో గొంతు చించుకుంటుంటే వింటూ కూర్చున్నారు. నా వెనకాల గోతులు తవ్వుతారా? నేనేం పాపం చేశాను మీకు?”

“చెయ్యి చూపించు,” అంది అత్తగారు.

“మాట మార్చకండి.”

“చెయ్యి చూపించవే!”

ఆ ఇంటికొచ్చాక అత్తగారి నోట 'వే' వినడం అదే మొదలు. కోడలు వెనక్కి దాచుకున్న చేతుల్ని ఆవిడే ముందుకి లాగింది. వేళ్ళ కొసలు ఎర్రగా పగిలి, గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయి ఉంది.

“నిమ్మకాయ పిండమంటే మీరే పిండండి అంటావు. గిన్నె తోమితే పళ్ళు బిగబడతావు. ఏమైందమ్మా అంటే చలికి పగిలాయన్నావు. ఈ ఎండల్లో చలేమిటి? నాకు కళ్ళు లేవనుకున్నావా?” “ఆ సీసాలు రాకపోతే పని ఆగుతుంది, పనాగితే చేతులు మానతాయి అనుకున్నాను. చెబితే వింటావా నువ్వు?”

కోడలికి కోపమంతా దిగిపోయింది. వస్తున్న ఏడుపుని ఆపుకుంటూ అడిగింది:

“ఆ డబ్బాల్లో ఏముందో తెలుసా అత్తయ్యా?”

“ఏముంటుంది, ఆ మాయదారి మందేగా!”

“గ్లవ్స్ అత్తయ్యా. జెల్ ఒంటికి తగలకుండా వేసుకునేవి. ఒంటికి పడని ఆ మందు కలపకుండా చేసిన జెల్ సీసాలు. నకిలీ సరుకు వల్లే వేళ్ళిలా అయ్యాయి. అందుకే ఈ సైట్ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను.”

అత్తగారు దుప్పటితో సహా మంచం మీద కూలబడింది. “మూడుసార్లూ అవేనా?”

“మూడుసార్లూ.”

“నీ చేతులు కాపాడేవాటిని నేనే తరిమేశానా? దండం పెట్టి మరీ పంపానే తల్లీ!” అని దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చేసింది.

కోడలు పక్కన కూర్చుంది. “నాదీ తప్పే అత్తయ్యా. చెబితే సెలూన్ మూసెయ్యమంటారని దాచాను.”

“అనేదాన్నే,” అని ఒప్పేసుకుంది ఆవిడ, ముక్కు చీదుతూ. “అన్నా నువ్వు వినేదానివి కాదు. పోట్లాడుకునేవాళ్ళం. అదే నయం, పోట్లాటలోనైనా ఆ గ్లవ్స్ మాట బయటపడేది. ఫోన్ ఇలా తే. వద్దన్నది నేనేనని చెబుతాను, ఆ ఖాతా సంగతి వాళ్ళతో తేల్చుకుంటాను. సాయంత్రం చర్మం డాక్టరు దగ్గరికి పోదాం. లోపలున్నాడే నా కొడుకు, వాణ్ణీ రమ్మను.”

అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. నెలనెలా వచ్చే బ్యాంకు మేడమ్. కోడలు అలవాటుగా లేచి బల్ల దగ్గరికి నడిచి, కుర్చీ వెనక్కి లాగింది. అత్తగారు ఏదో అనబోయి, పెదవి బిగించి ఊరుకుంది. కోడలు ఓసారి ఆవిడ వైపు చూసింది, ఓసారి తన వేళ్ళ వైపు చూసుకుంది. బల్ల మీదున్న ఆ నకిలీ సీసా మూత మళ్ళీ తీయబుద్ధి కాలేదు.

“మేడమ్, నా చేతులు బాలేవు. ఇవాళ చెయ్యలేను,” అంది. ఒక కస్టమర్‌తో ఆ మాట అనడం ఆమెకి అదే మొదటిసారి.

బ్యాంకు మేడమ్ కంగారుగా ఆ వేళ్ళు చూసి, “అయ్యో! మరి సెలూన్ మూసేస్తారా?” అంది.

కోడలు కుర్చీని మళ్ళీ బల్ల దగ్గరికి జరిపింది.

“మూయడమేంటమ్మా?” అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చి. “మా అమ్మాయి చేతులు బాగుచేసుకుంటోంది. మానగానే మొదటి ఫోన్ మీకే చేస్తుంది. ఈలోగా ఇంకెవరి దగ్గరా వేయించుకోకండి, చెబుతున్నాను.”

అంతసేపూ ఆపుకున్న ఏడుపు కోడలికి అప్పుడొచ్చింది.