మధ్యాహ్నం రెండుంపావుకి మునిగిన పడవ

పడవ కట్టిన చోటే మునిగింది. మంగళవారం, మధ్యాహ్నం రెండుంపావుకి.

ఒకప్పుడు వెంబనాడు సరస్సు మీద బియ్యం బస్తాలు మోసిన పడవ. ఇప్పుడు మూడు ఏసీ గదుల హౌస్‌బోట్. చూరు, ముందరి కొమ్ము మాత్రమే నీటిపైన మిగిలాయి.

ఎస్సై రోసిలీకి ఈ నెలలో ఇది మూడో పడవ. మోకాళ్ళ నొప్పి, ఎండ, అవే అబద్ధాలు. విసుగొచ్చేసింది.

"నీళ్ళు తోడే పంపు వేయకుండా పడుకున్నాడు మేడమ్," అన్నాడు ఓనర్ కుర్యాచన్. "ముసలాడి లైసెన్సు పీకేయండి."

డ్రైవర్ వేలాయుధన్ తడిబట్టలతో గట్టు మీద కూర్చున్నాడు. ముప్పయ్యొక్కేళ్ళుగా ఇదే పడవ. రోజూలాగే అన్నం తిని వెనక గదిలో పడుకున్నాడు. నీళ్ళు మీదికొచ్చాక మెలకువ వచ్చింది. కిటికీ పగలగొట్టుకుని బయటపడ్డాడు. లైసెన్సు పోతే ఈ వయసులో మరో పడవ ఎవరిస్తారు?

"పంపు వేశారా?"

"పన్నెండున్నరకి వేశానమ్మా. చుక్క లేకుండా తోడింది."

"మీరెక్కడున్నారు, కుర్యాచన్?"

"పదకొండుకే కొట్టాయం వెళ్ళాను. కబురందాక మూడున్నరకి తిరిగొచ్చాను. ఆదివారం నుంచి పడవెక్కనే లేదు."

నీళ్ళలో దిగిన కానిస్టేబుల్ పైకొచ్చాడు. పలకల్ని కలిపి కుట్టిన కొబ్బరితాడు అడుగున తెగింది.

"పాత తాడు. పుచ్చిపోయుంటుంది," అన్నాడు కుర్యాచన్.

రోసిలీ కొమ్ము కేసి చూసింది. ప్రతి పడవకీ దేవుడి పటం ఉండే చోట ఉత్త మేకు.

"ఇక్కడ పటం ఏది?"

వంటమనిషి తంకమణి నోరు నొక్కుకుంది. "గీవర్గీస్ పునీతుడిదమ్మా. ఒంటిగంటకి నేనే మల్లెదండ వేసి బజారుకెళ్ళాను. కొట్టుకుపోయింది కాబోలు."

"కొమ్ము దాకా నీళ్ళే రాలేదు, తంకమణీ."

నాలుగున్నరకి స్టేట్‌మెంట్ రాసుకోవాలని అందరినీ కుర్యాచన్ ఇంటికి నడిపించింది. ప్రార్థన గదిలో ఆ పటమే ఉంది. దాని మీద వాడని మల్లెదండ.

"టీవీ మునిగింది, ఏసీలు మునిగాయి. వాటికి ఇన్సూరెన్సు వస్తుంది," రోసిలీ నీరసంగా కుర్చీలో కూలబడింది. "ఆదివారం నుంచి పడవెక్కని మీ ఇంటికి ఒంటిగంట దండ ఎలా వచ్చింది?"

కుర్యాచన్ పటం కేసి తిరిగాడు. "మా తాత పెట్టిన పటం మేడమ్. తాడైతే కోశాను గానీ, ఆయన్నెలా ముంచను?"

వేలాయుధన్ గడప బయటే నిలబడిపోయాడు.

"పటం కోసం పడవెక్కావు కదా, కుర్యాచన్ బాబూ. వెనక గది తలుపు ఒక్కసారి తట్టలేకపోయావా?"