చీర కట్టిన చేప

"చెప్పులతో దుర్గమ్మ మండపం ఎక్కేశారేంటండీ?" అని అరిచాడు సౌమిక్.

"దిగమంటే దిగుతాను. అరవడమెందుకు?" అంది మౌపియా. అంతే, సౌమిక్ పని అయిపోయింది.

ఆమె కలకత్తా నుంచి జమీందారు భవనం చూడ్డానికి వచ్చింది. అతను ఆ ఇంటి వారసుడు. వారసుడంటే ఏముంది, వచ్చినవాళ్ళకి గదులు తిప్పి చూపించడం, మేనత్త వండిన భోజనం పెట్టించడం. ఒక్క పూటలో తేలిపోయే భవనాన్ని ఆమెకి మూడు రోజులు చూపించాడు. వానొస్తే ఒకే గొడుగు కింద మళ్ళీ మొదట్నుంచీ చూపించాడు. ఇంక చూపించడానికి గబ్బిలాలు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇవాళ మధ్యాహ్నం రైలుకి ఆమె వెళ్ళిపోతోంది. ఆదివారం పెళ్ళిచూపులట. ఆ సంగతి చెబుతూ అతని వంకే చూసింది. ఈ మహానుభావుడు స్తంభాల వయసు చెప్పాడు.

ఇంట్లో సౌమిక్ అన్నయ్య పెళ్ళి సందడి. బెంగాలీల ఆచారం ప్రకారం మగపెళ్ళివారు పెళ్ళికూతురి ఇంటికి పంపే పెద్ద రోహూ చేపకి పెళ్ళికూతురిలా ఎర్రచీర చుట్టి, ముక్కుపుడక పెట్టాలి. సౌమిక్ చుడుతుంటే చీర జారిపోతోంది. మౌపియా నవ్వాపుకోలేక వచ్చి, కుచ్చిళ్ళు పోసి చక్కగా కట్టింది. అతను ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"ఒరే బుబాయ్, నువ్వెందుకురా చేపలా నోరు తెరిచి మూస్తావు? ఆ పిల్ల వెళ్ళిపోతోంది," అంది మేనత్త, సౌమిక్‌ని ముద్దుపేరుతో పిలుస్తూ.

రిక్షా కదలబోతుండగా చెరువు వైపు నుంచి పరుగెత్తుకొచ్చాడు సౌమిక్. మోకాళ్ళ దాకా బురద. వల వేసేవాళ్ళని బతిమాలి ఇంకో రోహూ తెచ్చాడు. దానికీ ఎర్రచీర, అడ్డదిడ్డంగా. తెచ్చి ఆమె సంచీ పక్కన పెట్టాడు.

"ఇదెవరింటికి?" అంది మౌపియా.

"మీ ఇంటికి," అన్నాడు సౌమిక్. "మీరంటే నాకు ప్రాణం. ఇష్టమైతే తీసుకెళ్ళండి. లేదంటే పులుసు పెట్టేస్తాం."

మౌపియా చేపని చూసింది, అతన్ని చూసింది. "కలకత్తా చేరేసరికి ఇది పాడైపోతుంది. మా అమ్మ గుమ్మంలోంచే తిప్పి పంపేస్తుంది."

అతని మొహం వాడిపోయింది.

ఆమె పక్కకి జరిగి చోటిచ్చింది. "ఐసు పట్టుకుని నువ్వూ ఎక్కు. పెళ్ళికొడుకు వెంట వస్తే అమ్మ ఏం చేస్తుందో నేను చూసుకుంటాను."

సౌమిక్ ఎక్కేశాడు. ఐసు సంగతి ఎవడికి గుర్తుంది? శుభకార్యాల్లో ఆడవాళ్ళు చేసినట్టు నాలుక ఆడిస్తూ ఉలూ ఉలూ అని కూస్తూ, చేతిలో ఐసు బకెట్టుతో మేనత్తే రిక్షా వెనకాల పరుగెత్తింది.