చంకలో వెలుగు

"చంకలో ల్యాంపు వెలిగిందా?" అని ఎడిసన్ ఫోనులోకి అరిచిన అరుపుకి మాంటెవిడియోలో ఆ వీధి పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. "అయితే ఎలక్ట్రీషియన్ని పిలవండమ్మా! ఇది డిటెక్టివ్ ఆఫీసు!"

అవతలి ఆవిడ ఏడుస్తూనే నాలుగు తిట్లు తిట్టి ఫోను పెట్టేసింది.

అతని తప్పేం లేదు, పేరు పెట్టినవాళ్ళని అనాలి. ఉరుగ్వేలో పిల్లలకి ఎడిసన్, వాషింగ్టన్ అని గొప్పవాళ్ళ పేర్లు తగిలించడం రివాజు. ఎడిసన్ అనే పేరున్నవాడికి ల్యాంపు కాక ఇంకేం వినిపిస్తుంది? కాకపోతే ఇతని బల్బు కొంచెం ఆలస్యంగా వెలుగుతుంది.

కాసేపటికి ఆ తిట్లు స్వయంగా మెట్లెక్కి వచ్చాయి. పేరు దెల్మీరా బెంతాన్‌కోర్, స్కూలు టీచరు. ఎడమ చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, కుడిచేతిలో మాతే బుర్ర, అంటే అక్కడివాళ్ళు వేడినీళ్ళు పోసుకుని ఆకు కషాయం తాగే సొరకాయ బుర్ర. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కుర్చీ జరుపుదామంటే ఎడిసన్‌కీ అదే ఇబ్బంది. ఆ ఊళ్ళో చేదు మాతే లేనిదే మాటే లేదు మరి. ఎడిసన్ యజమాని, డిటెక్టివ్ ఒలింపియా పిరిస్ మాత్రం తన ఫ్లాస్కుని బల్ల మీద పెట్టేసింది. ఆలోచించాలంటే ఆవిడకి రెండు చేతులూ కావాలి.

"ల్యాంపు కాదు మేడమ్, లింఫు!" అంది దెల్మీరా. "మా నాన్న వాషింగ్టన్‌కి లింఫు గ్రంథుల కేన్సరు. కొత్త మందు పరీక్షలో చేర్చుకున్నారు. ఛాతీలో గడ్డలన్నీ కరిగిపోయాయి. తీరా మొన్నటి పెట్ స్కానులో ఎడమ చంక దగ్గర కొత్తగా వెలుగు! కొత్తచోట వెలిగిందంటే మందు ఓడినట్టేనట. రేపు కమిటీ కూర్చుని నాన్నని తీసేస్తుంది. ఆయనకి ఇంక వేరే మందు లేదు. ఎవరో బొమ్మ మార్చేశారు మేడమ్!"

"చిత్రం మారితే విచిత్రమే. పద ఎడిసన్!" అంటూ ఒలింపియా అప్పుడే వీధిలో ఉంది.

ఆస్పత్రి నేలమాళిగలో డాక్టర్ అరియాగా తెర మీద బొమ్మ చూపించాడు. నల్లటి ఒంట్లో మెదడు దీపంలా వెలుగుతోంది. ఛాతీ చీకటి. ఎడమ భుజం కింద మాత్రం తోకచుక్కలా ఒక పొడుగాటి మెరుపు.

"వెలిగే చక్కెర ఎక్కిస్తాం," అన్నాడు డాక్టరు. "కేన్సరు తీపిపోతు. ఎక్కడుంటే అక్కడ ఎక్కువ తినేసి వెలుగుతుంది."

"తీపిపోతు అదొక్కటేనా?"

"పని చేసే కండరం కూడా. అందుకే సూది వేశాక కదలకుండా కూర్చోబెడతాం. ఇది కండరమేమోనని నాకూ అనుమానం వచ్చింది. బరువేమైనా మోశారా అని అడిగాం. లేదన్నాడు. కారణం దొరక్కపోతే రోగమనే అనుకోవాలి మేడమ్, తప్పదు."

ఒలింపియా బొమ్మని దగ్గరగా చూసింది. "దెల్మీరా, మీ నాన్న పక్కటెముక ఎప్పుడైనా విరిగిందా?"

"చిన్నప్పుడు, ఫుట్‌బాల్‌లో. వంకరగా అతుక్కుంది."

"ఇదిగో ఆ వంకర. బొమ్మ ఆయనదే, ఎవరూ మార్చలేదు."

దెల్మీరా ముఖం పాలిపోయింది. ఎడిసన్‌కైతే నమ్మబుద్ధి కాలేదు. మేడమ్ ఓడిపోవడం అతనెన్నడూ చూడలేదు. ఒలింపియా మాత్రం కళ్ళు మెరుస్తుండగా స్కాను తీసిన టెక్నీషియన్ మిల్టన్ వైపు తిరిగింది.

"సూది వేశాక ఆయనేం చేశాడు?"

"ఏం చేస్తాడండీ! బుద్ధిగా కూర్చుని నీళ్ళు తాగాడు. నీళ్ళు తెచ్చుకోమని మేమే చెబుతాం."

"సీసాలోనా?"

మిల్టన్ తెల్లబోయాడు. "సీసాలో నీళ్ళు ఎవరు తెచ్చుకుంటారండీ?"

"అందరూ వెయిటింగ్ హాల్లోకి రండి!" అని కేకేసింది ఒలింపియా. "వాషింగ్టన్ గారినీ పిలవండి!"

అందరూ చేరారు. ముసలి బస్సు డ్రైవరు వాషింగ్టన్ ఉరికంబం ఎక్కుతున్నట్టు వచ్చి నిలబడ్డాడు.

"నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడు," అంది ఒలింపియా. "చెప్తాను. ముందు అందరూ ఎడమ చేతులెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. డాక్టరు ఎత్తలేదు, మిల్టన్ ఎత్తలేదు, దెల్మీరా ఎత్తలేదు. మేడమ్ మాట జవదాటని ఎడిసన్ ఒక్కడే ఎత్తాడు. ఢాం! ఫ్లాస్కు కిందపడి పేలినంత పని చేసింది. వేడినీళ్ళకి మిల్టన్ బెంచీ ఎక్కాడు.

ఆ చప్పుడుకి ఎడిసన్ బల్బు వెలిగింది. "మేడమ్! ఫ్లాస్కు!"

"అదే నేరస్తుడు! వాషింగ్టన్ గారూ, సూది వేశాక మీ ఫ్లాస్కు ఎక్కడుంది?"

"ఎక్కడుంటుందమ్మా?" అన్నాడు ముసలాయన తికమకగా. "చంకలో."

"ఆసాంతం?"

"మరి కింద పెడతారా ఎవరైనా!"

"బరువు మోశారా అంటే లేదన్నారట?"

"ఫ్లాస్కు బరువేమిటమ్మా, చెయ్యి లాంటిదేగా?"

"విన్నారా డాక్టర్ గారూ? ఆయన అబద్ధమాడలేదు. నిండు ఫ్లాస్కుని ఎడమ చంకలో నొక్కిపట్టుకుంటే ఆ కండరాలు పని చేస్తూనే ఉన్నాయి, మీ చక్కెర తింటూనే ఉన్నాయి. మీరు చూడలేదా? చూశారు! కానీ మీ చంకలోనూ అదే ఉంటే ఎదుటివాడి చంకలోది కంటికి ఆనుతుందా? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే!"

డాక్టరు తన చంకలోని ఫ్లాస్కుని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఇది అనుమానమే మేడమ్, రుజువు కాదు. కమిటీని ఆపుతాను. మళ్ళీ స్కాను తీద్దాం."

ఆ వారమే తీశారు. సూది వేశాక వాషింగ్టన్ చేతులు వేలాడేసి, బిడ్డని దూరం చేసుకున్న తల్లిలా కూర్చున్నాడు. ఫ్లాస్కు దెల్మీరా కస్టడీలో ఉంది. తర్వాత తెర ముందు అందరూ గుమిగూడారు. మెదడు వెలిగింది. ఛాతీ చీకటి. ఎడమ చంక...

"చీకటి!" డాక్టరే గెంతాడు. "కటిక చీకటి! మందు గెలిచింది! వాషింగ్టన్ పరీక్షలోనే ఉంటాడు!"

దెల్మీరా ఎడిసన్‌ని కావలించుకుని ఏడుస్తూ నవ్వింది. "చూశావా మిస్టర్ ఎలక్ట్రీషియన్!"

"ఎలక్ట్రీషియనా?" అన్నాడు మిల్టన్. అప్పుడామె లింఫు అంటే ఇతను ల్యాంపు అనుకోవడం అందరికీ చెప్పింది. గదంతా గొల్లుమంది. ఎడిసన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వకండర్రా," అన్నాడు వాషింగ్టన్. "అది లింఫే అయ్యుంటే నేను పోయేవాణ్ణి. కుర్రాడన్న ల్యాంపే నయం. ఏదమ్మా, నా ఫ్లాస్కు ఇలా ఇయ్యి. చంక బోసిగా ఉంది."